మండువా ఇంట్లో దెయ్యాల సిరీస్ తీయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

కోనసీమలో పాత మండువా లోగిలి అద్దెకు తీసుకుని, దెయ్యాల పరిశోధకుల మీద 6 ఎపిసోడ్ల టీవీ సిరీస్ తీస్తున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటోందంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను. అంతలోనే యూనిట్లో సగం మంది పడక కూడా ఆ ఇంట్లోనే అంది. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఇంటికి ఎంతమంది వాటాదారులుంటే అంతమంది సంతకాలూ తీసుకో. ఊరి పేరు, వాళ్ల ఇంటిపేరు తెర మీద రానివ్వకు. దెయ్యాల కొంప అని ఒక్కసారి పేరు పడితే ఆ ఇల్లు అమ్ముడుపోదు, ఆ ఇంటి పిల్లల సంబంధాల దాకా పాకుతుంది ఆ మాట. అటక ఎక్కే ముందు ప్రతి దూలాన్నీ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చెద తిన్న కలప పైకి నున్నగానే కనిపిస్తుంది. కెమెరాని ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే తియ్యకండి, ఆ ఉక్కకి లెన్సు చెమ్మగిల్లుతుంది. ముప్పావుగంట ముందే వసారాలో పెట్టించు. ఎవరూ నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కరిచినా చాలామందికి నొప్పి తెలియదు. మంచాలు, దోమతెరలు బడ్జెట్లో ముందే రాయించు.

సింక్ సౌండ్ అన్నావట, అంటే మాటలు షూటింగులోనే రికార్డు చెయ్యడం. చుట్టూ రొయ్యల చెరువులుంటే ఒకసారి తెల్లవారుజామున 3 గంటలకి వెళ్లి విను. రాత్రి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనే వాడుకుంటుంది, అందుకని నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తెల్లార్లూ చప్పుడు చేస్తూ తిరుగుతాయి. వాటిని ఆపమని రైతుని అడగకు తల్లీ. గంటసేపు ఆపినా రొయ్యలన్నీ చచ్చిపోవచ్చు. మాటలున్న సీన్లు చెరువులకి అవతలి వైపు గదుల్లో పెట్టుకో, లేదా డబ్బింగ్‌కి సిద్ధపడు.

నీ పరిశోధకుల చేతిలో పరికరాల గురించి గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకు. తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఉన్న గోడ వేడిని చూపిస్తుంది. గది మధ్యలో గాల్లోకి గురిపెట్టి ‘ఇక్కడ చల్లగా ఉంది’ అనే సీన్ రాశావంటే తెలిసినవాడు టీవీ కట్టేస్తాడు. విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఈఎంఎఫ్ మీటరు ముల్లు పాత వైరింగు దగ్గర లేస్తుంది, పక్కవాడి జేబులో సెల్‌ఫోన్ మోగబోయినా లేస్తుంది. రాత్రి కెమెరాలో తేలే తెల్లటి గుండ్రాలు చాలావరకు ధూళి, దీపం పురుగులు, మంచుతుంపరలే. ఇన్‌ఫ్రారెడ్ లైటు లెన్సు పక్కనే ఉండటం వల్ల దగ్గరలోని ప్రతి నలుసూ వెలుగుతుంది. లైటుని మూడడుగులు పక్కకి జరిపితే దాదాపు మాయమవుతాయి. ఒక పాత్ర చేత ఆ పని చేయించు, చూసేవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు. రికార్డర్లో గొంతులు వినిపించే సీన్లోనూ అంతే. సందడి లేనప్పుడు రికార్డరు తనంతట తనే గెయిన్, అంటే శబ్దాన్ని పెద్దది చేసే స్థాయి, పెంచుకుంటుంది, బట్టల గరగర కూడా గుసగుసలా వినపడుతుంది. అనుభవమున్నవాళ్లు కడుపు మూలిగినా, కుర్చీ కదిలినా ‘అది నేనే’ అని పైకి చెబుతారు, తర్వాత వినేటప్పుడు పొరపడకుండా.

ఇప్పుడు అసలు విషయం. జనరేటరు.

ఒకసారి మా యూనిట్ చేసిన తప్పు ఇది, నువ్వు చెయ్యకూడదు. వానరాత్రి, మండువా ఇల్లే. చిన్న పెట్రోలు జనరేటరు చప్పుడు టేకుల్లోకి వస్తోందని దాన్ని దొడ్డి వసారాలోకి లాగి, చుట్టూ టార్పాలిన్ కట్టి, తడి గోనెసంచులు వేశారు. చప్పుడు తగ్గింది. పొగ ఎటు పోతుందో ఎవరూ ఆలోచించలేదు, వసారా అంటే బయటే కదా అనుకున్నారు. మండువాలో పెద్ద లైట్లు వేసేసరికి అక్కడి గాలి వేడెక్కి పైకి పోతుంది. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న గదుల్లోంచి గాలి వచ్చి పడుతుంది. అంటే మండువా పొగగొట్టంలా పనిచేస్తూ దొడ్లో పొగని మధ్యగదుల గుండా లోపలికి లాగుతుంది. 10 గంటలకి మధ్యగదిలో కూర్చున్న నలుగురికి తలనొప్పి. అర్ధరాత్రికి వాంతులు, పులిహోర పాడైందన్నారు. ఒంటిగంటకి అసిస్టెంటు కుర్రాడు గుమ్మంలో ఎవరో నిలబడ్డారని ఒట్టేశాడు. తీస్తున్నది దెయ్యం కథ, అందరూ నమ్మేశారు. భయంతో తలుపులు మూశారు. ఆ మూయడమే ప్రాణాల మీదికి తెచ్చింది. కుర్రాడు లేవబోయి పడిపోయాడు. మంచంతో సహా వీధిలోకి మోసుకొచ్చి, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాక తేరుకున్నాడు. 19 ఏళ్లు వాడికి. వాడి చెయ్యి మంచం పట్టె మీంచి వేలాడుతూ ఉండటం నాకిప్పటికీ కళ్లకి కడుతుంది.

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మామూలు గాలిలో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఇంకో మోసం విను: వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు దీన్ని ఆక్సిజన్‌గానే లెక్కేసి 98 చూపిస్తుంది. దాన్ని నమ్మి పడుకోబెట్టకండి. ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు అందరూ బయటికి, తర్వాతే ఆలోచన.

ఇది నీ కథకీ పనికొస్తుంది. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటివైద్యుడు ఒక కుటుంబం అనుభవాన్ని వైద్యపత్రికలో రాశాడు. ఇంట్లో అడుగుల చప్పుడు, కనిపించే మనుషులు, తలనొప్పులు, వాడిపోయే మొక్కలు. చివరికి చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి చెడి పొగ గదుల్లోకి వస్తోంది. అది బాగుచేశాక దెయ్యాలు లేవు. నీ నాలుగో ఎపిసోడ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి జనరేటరు సైలెంట్ వ్యానుదే తెప్పించు, ఇంటికి 60 మీటర్ల దూరంలో పెట్టించు. కేబుల్ లావు పెంచు, లేకపోతే ఆ దూరానికి వోల్టేజి పడిపోతుంది. సాయంత్రం సముద్రం గాలి చూసి చోటు ఖాయం చెయ్యకు. రాత్రి గాలి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. 6 గంటలకి పొగ ఇంటివైపు రాని చోట ఉన్న వ్యాను అర్ధరాత్రికి గాలి ఇంటివైపు వీచే చోట ఉంటుంది. అగరుబత్తి వెలిగించి రెండుసార్లూ పొగ ఎటు పోతోందో చూడు. మండువాలో నీళ్లు నిలుస్తాయి గనక లైన్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి, వేరుగా ఎర్త్ ఉండి తీరాలి. వాన పడితే షూటింగు ఆపు. ఎవరెంత తిట్టినా జనరేటరు మాత్రం చూరు కిందికి రాకూడదు. నిర్మాత అరిస్తే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

మీ అమ్మకి ఇదంతా చెప్పకు, కంగారు పడుతుంది.

రెండు కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పార్సిల్ చేశాను. పడుకునే గదిలో ఒకటి, మధ్యగదిలో ఒకటి, మంచం మీద తల ఉండే ఎత్తులో పెట్టించు. గాలిలో ఆ వాయువు 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) ఉంటే అవి మోగడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, 300 అయితే 3 నిమిషాల్లోపే మోగుతాయి. అందుకని మోగలేదు కదా అని తలనొప్పిని తోసెయ్యకండి. బ్యాటరీలు కొత్తవి వేశాను. అందగానే టెస్ట్ బటన్ నొక్కి, ఆ కూత ఫోన్లో నాకు వినిపించు.

మీ మావయ్య