పాలపిట్టను ‘పాలపక్షి’ అనగలమా?

సందేహం: మేం నలుగురం ఆదివారం పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి, వీలైతే పాకాలకు వెళ్లి పక్షులను చూస్తుంటాం. ఏడాది పొడవునా కనిపించినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాం. నేను ‘పిట్ట’ అని రాసిన చోటల్లా, అది మోటుగా ఉందని ఒక మిత్రుడు ‘పక్షి’ అని దిద్దుతున్నాడు. ఏది సరి? ‘ఈ ఏడాది 94 పక్షులను చూశాం’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: పిట్టను పిట్టగానే ఉండనివ్వండి. మీ మిత్రుడిని ‘పాలపక్షి’ అని ఒకసారి రాసి చూడమనండి. దసరా నాడు జమ్మి దగ్గరికి పోతూ మనం వెతికేది దాన్ని కాదు కదా! కరెంటు తీగ మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చుని, ఎగరగానే రెక్కల నిండా నీలం పరిచేది పాలపిట్టే. పికిలిపిట్ట, లకుముకిపిట్ట కూడా అంతే. ఆ పేర్లలో పిట్ట విడదీయరాని భాగం.

పక్షమంటే రెక్క, రెక్కలున్నది పక్షి. సంస్కృతం నుంచి వచ్చిన మంచి మాటే, అన్ని పక్షులకూ కలిపి చెప్పడానికి బాగుంటుంది. పిట్ట మాత్రం మన ఇంటి మాట. ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడేవాళ్లు ‘పిట్టె’ అంటారు, కొలామీలోనూ పిట్టే. ఈ చుట్టరికం చాలా పాతది. మామూలుగా చిన్నవాటికే పిట్ట అంటాం. గద్దకు, కొంగకు, నెమలికి ఆ మాట తగిలించం. అలాగని చిన్నవాటన్నిటికీ తగిలించాలనీ లేదు. గోరింక, గిజిగాడు ఒంటిగానే నిలబడతాయి.

మోటు అన్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 1816లో వియ్యో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఒక ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపుకు, పేరు పెట్టడానికి తీసుకున్నది మన ‘పిట్ట’నే. హిందీలో నవరంగ్ అనే పొట్టితోక పిట్ట ఆ ప్రజాతిదే. చలికాలానికి దక్షిణాదికి దిగి వచ్చి, చెట్ల నీడన రాలిన ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. ఎప్పుడైనా మీ కంటపడితే దాని శాస్త్రీయ నామం కూడా రాసుకోండి, మొదటి మాట ‘పిట్టా’. దేశదేశాల పక్షి పుస్తకాల్లో ఉన్న మాటను హనుమకొండలో కొట్టేస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఇక లెక్క సంగతి. ‘94 పక్షులను’ అంటే తలలు లెక్కపెట్టినట్టు. నీటికాకుల గుంపు ఒక్కటి వాలితే ఆ లెక్క ఒక్క పూటలో దాటిపోతుంది. మీరు చెప్పదలచింది ‘94 జాతుల పక్షులను చూశాం’ అని. మాటల్లో ‘94 రకాల పిట్టలు’ అన్నా తప్పులేదు. రాతలో మాత్రం జాతి అనడమే మేలు, ఎందుకంటే పెంపుడు పావురాల్లో ఒకే జాతిలో ఎన్నో రకాలుంటాయి.