షార్జాలో పెద్ద వాన పడితే: 2024 ఏప్రిల్‌లో మేం పడ్డదీ, నేర్చుకున్నదీ

మీ వారికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చిందని, అద్దె తక్కువని షార్జాలో ఫ్లాట్ చూస్తున్నారని, 2024 నాటి వరద వీడియోలు చూశాక ఇద్దరు చిన్నపిల్లలతో అక్కడ ఉండగలమా అని టెన్షన్‌గా ఉందని అడిగారు. మేం పదకొండేళ్లుగా షార్జాలోనే ఉంటున్నాం. ఆ వారమంతా అల్ కాసిమియాలో, ఐదో అంతస్తులో మా ఫ్లాట్‌లోనే ఉన్నాం. ధైర్యంగా రండి, ఉండగలరు. కాకపోతే ఒక సంగతి ముందే తెలిసుండాలి. ఇక్కడ వాన ఒక్క రోజే పడుతుంది, నీళ్లు మాత్రం వారం దాకా కదలవు. మీరు పెట్టుకునే జాగ్రత్తలన్నీ ఆ వారాన్ని దృష్టిలో పెట్టుకునే ఉండాలి.

మాది కోనసీమ. వరద మాకు కొత్త కాదు. భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఉందో టీవీలో చెప్తారు, ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, లంకల్లో వాళ్లకు పశువుల్ని గట్టు ఎక్కించుకునే వ్యవధి ఉంటుంది. వచ్చిన నీరు సముద్రంలోకి పోతుంది. షార్జాలో నది లేదు, నీరు పోయే దారీ లేదు. దుబాయ్‌లో ఏడాది మొత్తం కలిపి సగటున 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అందుకే చాలా వీధుల్లో వాన నీటికి కాలువలే కట్టలేదు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరక్కుండానే 254.8 మిల్లీమీటర్లు పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఈ దేశంలో, అంటే యూఏఈలో, అంత వాన ఎన్నడూ లేదు.

"ఇసుకే కదమ్మా, ఇంకిపోదూ?" అని మా అత్తయ్య అడిగారు. ఊళ్లో ఇసుక ఎక్కడుంది? రోడ్లు తారు, పేవ్‌మెంట్లు టైల్స్, మిగిలిన నేల బళ్లు తిరిగి తిరిగి గట్టిపడింది. పైగా సముద్రం పక్కనే కాబట్టి కాస్త తవ్వితేనే నీళ్లు. చివరికి ట్యాంకర్లు వచ్చి పైపులతో తోడుకుపోతే తప్ప వీధి ఆరలేదు. కృత్రిమంగా వాన కురిపించబోయి ఇలా అయిందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఆ తుఫాను సమయంలో మేఘమథనం చేయలేదని ఇక్కడి వాతావరణ కేంద్రం స్పష్టంగా చెప్పింది. అదే వాన పక్కనున్న ఒమన్‌లో అంతకు రెండు రోజుల ముందే స్కూలు పిల్లల ప్రాణాలు తీసింది.

ఆ రోజు మంగళవారం. పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులన్నారు. మా ఆయనకు ఆఫీసు నుంచి రావద్దని కబురు రాలేదు, దాంతో తోటి ఉద్యోగి కారులో వెళ్లారు. మధ్యాహ్నానికి ఆకాశం అదోలా ఆకుపచ్చగా మారి, పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. ఆయన మూడింటికి బయల్దేరారు. షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద బళ్లు బారులు తీరి ఆగిపోయాయి. అర్ధరాత్రి దాటాక కారును కాస్త ఎత్తైన చోట వదిలి, ఒక మసీదులో తలదాచుకుని, తెల్లారాక తొడల్లోతు నీళ్లలో నడిచి ఇంటికొచ్చారు. మధ్యలో నాలుగు గంటలు ఫోన్ కలవలేదు. అలాంటి రోజు మీవారిని వెళ్లనివ్వకండి. ఎన్‌సీఎం, అంటే వాతావరణ కేంద్రం, ఆరెంజ్ గానీ రెడ్ గానీ అలర్ట్ ఇచ్చిందంటే ముందు రోజే మేనేజర్‌తో మాట్లాడి ఇంటి నుంచి పని అడగమనండి.

మేం అసలు ఊహించనిది బిల్డింగ్ లోపల జరిగింది. కరెంటు గది, నీళ్ల మోటార్లు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. అది మునిగింది. కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. మేడ మీద ట్యాంకులోకి కింది నుంచి మోటారే నీళ్లు ఎక్కించాలి కదా, మర్నాడు మధ్యాహ్నానికి కుళాయిలూ ఆగిపోయాయి. చుట్టూ నడుముల్లోతు నీళ్లు, ఇంట్లో బాత్రూమ్‌కు చెంబుడు నీళ్లు లేవు. ఆ రెండో రోజు నేను ఏడ్చాను. కింద బకాలాలో, అంటే చిన్న కిరాణా కొట్లో, మంచినీళ్ల సీసాలు ఉదయానికే అయిపోయాయి. మూడో రోజు కుర్రాళ్లు కొందరు చిన్న పడవలో నీళ్ల బాటిళ్లు, బిరియానీ పొట్లాలు తెచ్చారు. రెండో అంతస్తు మలయాళీ అమ్మాయి వాటిని మెట్ల మీదుగా ఇంటింటికీ పంచింది. ఆ కుర్రాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో నాకిప్పటికీ తెలీదు. కరెంటు ఆరో రోజు వచ్చింది.

కాబట్టి అలర్ట్ రాగానే ముందు చేయాల్సింది నీళ్లు పట్టడం. బకెట్లు, టబ్బు, పెద్ద గిన్నెలు, వాషింగ్ మెషీన్ డ్రమ్ము కూడా నింపండి. తాగడానికి ఐదు గాలన్ల క్యాన్లు కనీసం నాలుగు పెట్టుకోండి. పవర్ బ్యాంకులు చార్జింగ్ పెట్టండి. మాకు గ్యాస్ లైన్ ఉంది కాబట్టి అన్నం పప్పు వండుకోగలిగాం. కరెంటు స్టవ్ ఉన్న ఇల్లు తీసుకుంటే అటుకులు, మరమరాలు, పిల్లలకు పాలపొడి నిల్వ ఉంచండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి ఒకే చోట పెట్టండి.

మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అత్తయ్యకు షుగర్, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ ఆగిపోగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫార్మసీలో పనిచేసే పొరుగాయన చెప్పారు, వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను మరీ వేడి లేని గదిలో ఉంచితే నాలుగు వారాల దాకా పనికొస్తుందని. తెరవని వాటిని తడిగుడ్డ చుట్టి నీడన పెట్టాం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆరు రోజులు ఐదో అంతస్తు దిగలేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే నెల మందులు ముందే కొనిపెట్టుకోండి.

పిల్లల్ని ఆ నీళ్లలోకి దిగనివ్వకండి. వీడియోల్లో ఆడుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ అందులో డ్రైనేజీ నీళ్లు కలిసి ఉంటాయి, మూతల్లేని మ్యాన్‌హోళ్లు కనబడవు, దీపపు స్తంభాల్లో కరెంటు ఉండొచ్చు. మా ఆయన కాళ్లకు లేచిన దద్దుర్లు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. అవసరమైతే పోలీసులకు 999, అంబులెన్సుకు 998. సెలవు రోజున వానను చూద్దామని కొండల వైపు, వాదీల దగ్గరికి, అంటే వాన పడితేనే పారే ఎండు వాగుల దగ్గరికి, మాత్రం వెళ్లొద్దు. ఎక్కడో పడిన వాన అక్కడికి ఒక్క ఉదుటున దూకుతుంది. పారుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హంలు జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు.

ఇక కారు. మాది ఎదురుగా ఉన్న కచ్చా పార్కింగ్‌లో, అంటే ఉత్త నేల మీద, ఉంది. సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గాక మా ఆయన ఆత్రంగా తాళం తిప్పి స్టార్ట్ చేశారు. ఇంజన్ లోపలికి నీరు లాగేసుకుని పూర్తిగా పాడైంది. మునిగిన కారును స్టార్ట్ చేయకండి, ఫొటోలు తీసి రికవరీ బండి పిలవండి. ఇన్సూరెన్సు వాళ్లు మా క్లెయిమ్ సగానికి పైగా కోసేశారు. పాలసీ తీసుకునేటప్పుడే ప్రకృతి వైపరీత్యాలకు వర్తిస్తుందని కాగితం మీద ఉందో లేదో చదవండి, థర్డ్ పార్టీ పాలసీతో మీ కారుకు పైసా రాదు. వరద నష్టానికి పోలీసుల సర్టిఫికెట్ అడుగుతారు, దాన్ని ఆలస్యం చేయకుండా తీసుకోండి.

దుబాయ్‌లో 30 బిలియన్ దిర్హంలతో వాన నీటి కాలువల పథకం ప్రకటించారు, 2033కి పూర్తి చేస్తామన్నారు. అప్పటిదాకా ఫ్లాట్ ఎంపికే మీ చేతిలో ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ వద్దు, లిఫ్టు లేకుండా పిల్లల్ని ఎత్తుకుని ఎక్కలేనంత పైన కూడా వద్దు. రెండు, మూడు, నాలుగు అంతస్తులు మంచివి. పార్కింగ్ మేడ మీద అంతస్తుల్లో ఉన్న బిల్డింగ్ దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోండి. ఏజెంటు మాట సరే, కిందికి దిగాక వాచ్‌మన్‌తో ఓ ఐదు నిమిషాలు మాట్లాడండి, ఇక్కడ నాతూర్ అంటారు. మోటార్లు ఎక్కడున్నాయి, 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది అని అడగండి. మా బిల్డింగ్‌లో రంగు వేసినా మీటర్ల గది పక్క గోడ మీద ఆ నీటి గీత ఇంకా కనిపిస్తుంది, నా భుజం కంటే కొంచెం కింద. మీరు చూసే చోట అలాంటి గీత కనిపిస్తే అడ్వాన్సు చెక్కు ఇవ్వకుండా ఇంకో వీధి చూడండి.