రిపోర్టులో బల్జ్ అని ఉంటే ఇక మంచానికే పరిమితమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. నెలన్నర కింద బరువైన బకెట్ ఎత్తబోతే నడుం పట్టేసింది, నొప్పి కుడికాలి పిక్క దాకా జివ్వుమని లాగేది. ఎమ్మారైలో నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్క్ బల్జ్, డీజెనరేషన్ అని వచ్చింది. నొప్పి ఇప్పుడు సగానికి తగ్గింది గానీ ఆ రిపోర్టు చదివాక వంగాలంటేనే భయం. బెల్ట్ తీయట్లేదు, ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వట్లేదు. ఆపరేషన్ తప్పదా?

జవాబు: ఆపరేషన్ మాట ఇప్పుడెందుకండీ, నొప్పి సగానికి తగ్గిందని మీరే రాశారు కదా. బల్జ్ అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం, డీజెనరేషన్ అంటే అది వయసుతో అరగడం. డీజెనరేషన్ అనే మాట వింటే వెన్నుపూసలు పుచ్చిపోయాయేమో అనిపిస్తుంది, కానీ అసలు ఏ నొప్పీ లేనివాళ్లకి తీసిన స్కాన్లన్నీ పోగేసి 2015లో లెక్క చూస్తే 40 ఏళ్ల వాళ్లలో సగం మందికి డిస్క్ బల్జ్ ఉంది, 80 ఏళ్ల వాళ్లలో అయితే 84 శాతం మందికి. అంటే తల నెరిసినట్టే ఇదీనూ. పైగా పక్కకి జారి నరాన్ని నొక్కే డిస్క్ ముక్క కూడా చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తనే కుంచించుకుపోతుంది.

మంచం మాత్రం ఇవాళే దిగండి. నొప్పి మరీ భరించలేనప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు, అంతకు మించితే కండరాలు నీరసించిపోయి కోలుకోవడం ఇంకా లేటవుతుంది. బెల్టు కూడా మెల్లిగా తగ్గించేయండి, దీర్ఘకాలిక నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో బెల్టులు, ట్రాక్షన్ (నడుముని బరువులతోనో మెషీన్‌తోనో లాగి పట్టడం) మామూలుగా వాడొద్దనే ఉంది. ముందు ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, నడుస్తుంటే కొంచెం నొప్పి వస్తుంది, రానివ్వండి, మర్నాటికల్లా మామూలుకి వచ్చేస్తే సరిపోయినట్టే, రాకపోతే ఆ మోతాదు కాస్త తగ్గించుకోవాలి అంతే. వంగడం, బరువులెత్తడం కూడా జన్మలో మానేయాల్సిన పని లేదు, తేలికవాటితో మొదలెట్టి పెంచుకుంటూ పోవాలి, ఇక్కడ మంచి ఫిజియో పనికొస్తారు. తగ్గాక కూడా నడక ఆపకండి. 2024లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో నడుం నొప్పి తగ్గినవాళ్లకి నడక ప్రోగ్రామ్ ఇస్తే నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఏమీ ఇవ్వనివాళ్లకి 112 రోజులే. ఖర్చు లేని మందు కాబట్టేమో ఎవరూ సీరియస్‌గా తీసుకోరు!

అయితే ఒకటి. ఒంటికి, దొడ్డికి వెళ్లడం మీద కంట్రోల్ పోయినా, యూరిన్ బిగుసుకుపోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనమైనా తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. పాదం పైకి లేవకపోయినా వెంటనే చూపించుకోవాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, పెద్ద వయసులో పడిపోయాక వచ్చిన నొప్పి, ఇవి కూడా డాక్టరుకి తప్పకుండా చెప్పాల్సినవే.

ప్రశ్న: రోజంతా ల్యాప్‌టాప్ పని సార్. మెడ నొప్పి భుజం మీదుగా దిగి మధ్య వేలు తిమ్మిరెక్కుతోంది. మెడకి పట్టీలా కట్టే కాలర్ పెట్టుకోమంటున్నారు. పెయిన్ కిల్లర్ రోజూ వేసుకోవచ్చా?

జవాబు: మధ్య వేలికి తిమ్మిరి వస్తోందంటే మెడలో ఏడో నరం దగ్గర ఒత్తిడి ఉండొచ్చు, అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా అలాగే ఉంటుంది కాబట్టి ఒకసారి డాక్టరుతో పరీక్ష చేయించుకోండి. మెడ నరం వల్ల వచ్చేది కూడా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కాలర్ మరీ నొప్పిగా ఉన్న కొద్ది రోజులకే, నెలల తరబడి పెట్టుకుంటే మెడ ఇంకా బిగుసుకుపోతుంది. పెయిన్ కిల్లర్లు రోజూ సొంతంగా వేసుకోవద్దు, కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం ఇవన్నీ దాని వెంటే వస్తాయి. నొప్పి ఉన్నచోట కాపడం పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. స్క్రీన్ కంటి ఎత్తుకి పెంచి విడిగా కీబోర్డు పెట్టుకోండి, అరగంటకోసారి లేవండి, ఎందుకంటే ఎంత నిటారుగా కూర్చున్నా గంటలకొద్దీ కదలకపోతే మెడ పట్టేయక ఏం చేస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడుస్తుంటే తూలుతున్నా వెన్నుపాము మీదే ఒత్తిడి పడుతోందేమో చూడాలి, అప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. ఎడమ చేయి లాగుతూ ఛాతీలో బరువుగా, చెమటలు పడితే అది మెడ అనుకుని కూర్చోకండి, గుండె కావొచ్చు.

ప్రశ్న: నడుం నొప్పికి చెక్క బల్ల మీద పడుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. 2003లో గట్టి పరుపునీ, మధ్యరకం పరుపునీ పోల్చి చూస్తే చాన్నాళ్లుగా నడుం నొప్పి ఉన్నవాళ్లకి మధ్యరకమే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకోండి.