జూక్‌బాక్స్ మ్యూజికల్‌కి టోనీల్లో (అమెరికా రంగస్థల అవార్డుల్లో) ‘ఉత్తమ సంగీతం’ అవార్డు ఎందుకు రాదు?

ఆ అవార్డు రంగస్థలం కోసం కొత్తగా కట్టిన సంగీతానికే. జూక్‌బాక్స్ మ్యూజికల్ అనే పాటల నాటకంలో జనం నోళ్లలో ఎప్పటినుంచో నానుతున్న పాటలు తీసుకుని, వాటి చుట్టూ కథ అల్లుతారు. స్వీడన్ పాప్ బృందం ఆబా పాటలతో వచ్చిన ‘మమ్మా మియా’ అలాంటిదే. రూలు సబబేననిపిస్తుంది నాకు. ‘ఉత్తమ మ్యూజికల్’కి మాత్రం అడ్డేమీ లేదు, 2006లో ‘జెర్సీ బాయ్స్’ కొట్టేసింది.

అసలు తమాషా 2019-20 సీజన్‌ది. కోవిడ్‌తో బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకశాలల కేంద్రం) మధ్యలోనే మూతపడింది. ఉత్తమ మ్యూజికల్ నామినేషన్లు మూడూ జూక్‌బాక్స్ షోలవే! దాంతో సంగీతం విభాగంలో అయిదు నామినేషన్లూ మామూలు నాటకాల నేపథ్య సంగీతానికే పోయాయి. గెలిచింది ‘ఎ క్రిస్మస్ కరోల్’. ఆ మూడింట్లో ఒకదానిలో గాయని టీనా టర్నర్ పాత్ర వేసిన నల్లజాతి నటి ఏడ్రియెన్ వారెన్‌కి మాత్రం ఉత్తమ నటి అవార్డు దక్కింది. పాటలు పాతవైనా నటన కొత్తదే కదా.