మీసం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

సీళ్లు, తిమింగలాల్లాంటి సముద్ర క్షీరదాల్ని చూసి మారుతున్న సముద్రాన్ని ఎలా తెలుసుకుంటారో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేరాలు కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. భూమి వేడెక్కుతోంది, ధ్రువాల మంచు కరుగుతోంది, జీవజాలం ప్రమాదంలో పడింది... ఇవి ఎవరు రాసినా ఇలాగే ఉంటాయమ్మా. చదివేవాళ్ల కళ్లు వాటి మీద నిలబడవు. నాలుగో పేరాలో ఫర్ సీల్ (ఒత్తు బొచ్చున్న సీల్) మీసం గురించి ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నీ వ్యాసం అక్కడుంది.

ఆ మీసాన్ని చేతిలో పట్టుకుని చూస్తున్నట్టు రాయి. అది మన జుట్టులాగే కెరటిన్. ఒకసారి పెరిగి బయటికొచ్చాక ఆ భాగంలో రసాయనం ఇక మారదు. ఫర్ సీల్ మీసం ఏళ్ల తరబడి ఊడకుండా పెరుగుతుంది కాబట్టి కొసన పాత రోజులు, కుదురు దగ్గర కొత్త రోజులు ఉంటాయి. పరిశోధకులు దాన్ని కొన్ని మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ చిటికెడంత తగరపు రేకులో చుట్టి, యంత్రంలో కాలుస్తారు. నైట్రోజన్ పరమాణువుల్లో కాస్త బరువైనవి, తేలికవి అని రెండు రకాలున్నాయి; వచ్చిన వాయువులో బరువైన నైట్రోజన్ ఎంత, తేలికది ఎంత అని కొలుస్తారు. ఏ జంతువైనా తిన్నదాంట్లోంచి తేలిక నైట్రోజన్‌ని కాస్త ఎక్కువగా బయటికి పంపేస్తుంది, బరువైనది ఒంట్లో మిగులుతుంది. అందుకే ఆహార జాలంలో, అంటే ఒకదాన్నొకటి తినే జీవుల వరసలో, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ బరువైనదాని పాలు చెప్పే అంకె వెయ్యికి 3, 4 పాళ్లు పెరుగుతుంది. రొయ్యల్లాంటి చిన్న జీవులైన క్రిల్‌ని తిన్న నెలల్లో పెరిగిన ముక్కలో తక్కువ, చేపలు తిన్న నెలల్లో పెరిగిన ముక్కలో ఎక్కువ. అలాగే కొలిచిన కార్బన్ అంకె ఎక్కడ తిన్నదో చెబుతుంది. దక్షిణ మహాసముద్రంలో ధ్రువం వైపు వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. ఒక వెంట్రుక పొడవునా ఆ సీల్ తిరిగిన దారి, తిన్న తిండి వరసగా ఉంటాయన్నమాట. ఇది చెప్పడానికి రెండు పేరాలు పట్టినా పరవాలేదు, తొందరపడకు. "పోషక స్థాయి" అని రాశావు. మెట్టు అను, చాలు.

ఇక నేను చేసిన పొరపాటు చెప్తాను, నువ్వు కూడా అక్కడే జారుతున్నావు కాబట్టి. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికలో సీల్ దంతాల మీద రాశాను. దంతాల్లోనూ చెట్టు మానులో లాగా ఏటేటా పొరలు ఏర్పడతాయి. నైట్రోజన్ అంకె తగ్గిందని గ్రాఫ్‌లో చూసి, "సీళ్లకు చేపలు దొరకడం లేదు" అని ధీమాగా రాసేశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే ప్రశ్న: "మనిషి మెట్లు దిగాడా, మెట్లే కిందికి కుంగాయా?" నా దగ్గర జవాబు లేదు.

సంగతేమిటంటే, ఆహార జాలానికి అడుగు మెట్టున ఉన్న సూక్ష్మ శైవలాల, అంటే కంటికి ఆనని నాచు, నైట్రోజన్ అంకె కూడా మారుతుంటుంది. నీళ్లలో నైట్రేట్ మారినా, ప్రవాహాలు మారినా అది కదులుతుంది. అది కదిలితే పైనున్న ప్రతి జీవి అంకె కదులుతుంది, ఎవరి తిండీ మారకపోయినా. దీన్ని విడదీయడానికి ఇప్పుడు ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలను విడివిడిగా కొలుస్తున్నారు. ఫెనైలాలనైన్ అనే ఆమ్లం అంకె మెట్లెక్కినా పెద్దగా మారదు, అడుగు సంగతి చెబుతుంది. గ్లుటామిక్ ఆమ్లం అంకె మెట్టు మెట్టుకీ బాగా పెరుగుతుంది. రెండింటి తేడా చూస్తే జంతువు ఏ మెట్టు మీద ఉందో తేలుతుంది. కార్బన్‌లో ఇంకో తిరకాసు: బొగ్గు, చమురు తగలబెట్టిన కార్బన్ తేలికది, అది గాల్లోంచి సముద్రంలోకి దిగింది. వందేళ్ల నాటి దంతాన్నీ ఇవాళ్టి దంతాన్నీ పక్కపక్కన పెట్టే ముందు ఆ మేరకు లెక్క సరిచేయాలి. నీ వ్యాసంలో "సీళ్ల ఆహారం మారిపోయిందని రుజువైంది" అన్న చోట ఈ రెండూ చూశారో లేదో కనుక్కో. చూస్తే ఆ మాటా రాయి. అనుమానాన్ని ఎలా తీర్చుకున్నారో చదవడంలోనే మజా ఉంది.

అసలు జంతువుల్నే ఎందుకు అడగాలి, ఓడలో వెళ్లి వల వేయొచ్చు కదా అని పాఠకుడికి వస్తుంది. నువ్వు ఆ ప్రశ్న ఎత్తనే లేదు. చలికాలంలో, చీకట్లో, గడ్డకట్టిన సముద్రం కిందికి ఓడ ఎక్కడ వెళ్తుంది? సీల్ ఆకలేసి వెళ్తుంది. ఎలిఫెంట్ సీల్ అనే భారీ సీల్ తల మీద బొచ్చుకి చిన్న పరికరం జిగురుతో అంటిస్తారు. ఏటా బొచ్చు రాలే కాలంలో అదీ ఊడిపోతుంది. ఈలోగా ఆ సీల్ మునిగినప్పుడల్లా లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం నమోదవుతాయి, పైకి తేలినప్పుడు ఉపగ్రహానికి చేరతాయి. 2,000 మీటర్ల లోతు దాకా మునిగినవీ ఉన్నాయి. ఇలా సముద్ర క్షీరదాలు తెచ్చిచ్చిన నీటి కొలతల వరసలు 5 లక్షలు దాటాయి.

నాకు వీటన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. ఎలిఫెంట్ సీల్ కొన్నిసార్లు మధ్యలో ఈత ఆపేసి అలా నీళ్లలో వదిలేసుకుంటుంది. బక్కగా ఉంటే గబగబా కిందికి దిగుతుంది. కొవ్వు పట్టేకొద్దీ దిగడం నెమ్మదిస్తుంది, బాగా బలిసినవి పైకి కూడా తేలతాయి. ఒడ్డు వదిలిన రోజు నుంచి ఆ దిగే వేగాన్ని చూస్తూ పోతే, ఏ వారం ఏ చోట దానికి కడుపు నిండిందో తెలిసిపోతుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, తూచలేదు. దీన్ని నువ్వు బ్రాకెట్లో పెట్టావు! బయటికి తియ్యి.

నార్వాల్ అనే ఆర్కిటిక్ తిమింగలం కొమ్ము గురించి బాగానే రాశావు. అది కొమ్ము కాదు, దంతమని చెప్పడం ఇంకా బాగుంది. వాయవ్య గ్రీన్‌లాండ్‌లో దొరికిన 10 దంతాలను నిలువునా కోసి పొరలు చదివితే, 1990 ప్రాంతం దాకా మంచుతో ముడిపడిన తిండి, తర్వాత మంచులేని సముద్రపు చేపలు అని తేలింది. 2000 తర్వాత పాదరసం పెరిగింది, తిండిలో మార్పు ఒక్కదానితో వివరించలేనంతగా. అయితే ఆ దంతాలు అక్కడి మూలవాసులైన ఇనుయిట్ వేటగాళ్లు తమ ఆహారం కోసం వేటాడిన జంతువులవి. ఆ మాట నీ వ్యాసంలో లేదు. నమూనా ఎవరి చేతి మీదుగా వచ్చిందో రాయకపోతే అది ల్యాబులోనే మొలిచినట్టు ఉంటుంది. 10 అన్న అంకె కూడా దాచకు.

బూడిద తిమింగలాల దగ్గర మాత్రం చెయ్యి కాస్త బిగబట్టు. అవి మెక్సికో తీరంలో చలికాలం గడిపి, వేసవికి అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్, చుక్చీ సముద్రాలకు వెళ్లి, పక్కకి ఒరిగి అడుగు బురదని పీల్చి అందులోని యాంఫిపాడ్లను, అంటే రొయ్యల దూరపు చుట్టాలను, జల్లెడ పట్టి తింటాయి. 2016లో దాదాపు 27,000 ఉన్నవి 2023 నాటికి 14,500 దగ్గరికి పడిపోయాయి. బక్కచిక్కిన కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నువ్వు "అంతరించే దిశగా" అన్నావు. 1999, 2000ల్లోనూ ఇలాగే గుంపులుగా చచ్చిపోయాయి, మళ్లీ పుంజుకున్నాయి. అది చెప్పకుండా ఇది చెప్తే పాఠకుణ్ణి టెన్షన్ పెట్టినట్టే గానీ విషయం చెప్పినట్టు కాదు. ఈసారి పుంజుకోవడానికి అడుగున మునుపటంత తిండి ఉందా అన్నదే పరిశోధకుల ప్రశ్న. దాన్ని అలాగే ప్రశ్నగా ఉంచు.

"తిమింగలం మనల్ని హెచ్చరిస్తోంది", "సీల్ మొరపెట్టుకుంటోంది" లాంటివి ఐదు చోట్ల ఉన్నాయి, ఐదూ తీసెయ్. తిమింగలం తన తిండి తాను తింటోంది, చదువుకుంటున్నది మనం. క్రాబ్ఈటర్ సీల్ పేరు చూసి అది ఎండ్రకాయలు తింటుందని రాశావు. దాని తిండి దాదాపు అంతా క్రిల్లే. పళ్లు పాయలు పాయలుగా చీలి ఉండి, నీళ్లు వడగట్టడానికి పనికొస్తాయి.

ఈ నెలాఖరులోగా తిరగరాసి పంపు. పొడవు గురించి బెంగ పెట్టుకోకు. ధ్రువపు ఎలుగుబంటిని సముద్ర క్షీరదాల్లో కలిపావు, అది సరే, దాన్ని అలాగే లెక్కిస్తారు. మొదటి పేజీకి నువ్వు పంపిన బొమ్మ మాత్రం మార్చాలి. పెంగ్విన్ పక్షి తల్లీ.