రిజిస్ట్రేషన్ వేరు, అప్రూవల్ వేరు

రేణిగుంట దగ్గర ప్లాటుకి అడ్వాన్స్ ఇచ్చేశాను, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ సంగతి తెలీదు, రిజిస్ట్రేషన్ మాత్రం అవుతుందంటున్నారు అని రాశావు కదన్నా. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన లేఅవుట్‌కి అనుమతి ఉన్నట్టు కాదు, ఈ రెండిటినీ కలిపేసి చెప్పడమే బ్రోకర్ల పని. ముందు ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ అడుగు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే లేనట్టే. ఇస్తే మాత్రం అది పట్టుకుని తుడా ఆఫీసుకెళ్లి, ఆమోదించిన ప్లాన్‌లో నీ ప్లాటు ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూసుకో. మా బాబాయికి బ్రోషర్‌లో చూపించింది కార్నర్ ప్లాటు, ప్లాన్‌లో చూస్తే పార్కు స్థలం! రోడ్లు, కాలువలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తుడాకి తనఖాలో ఉంటాయి, నీది వాటిలో ఉందేమో కూడా కనుక్కో. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడు, మన వైపు మఠం భూములతో ఎప్పుడూ ఇదే తలనొప్పి. ఇవన్నీ తేలేదాకా ఇంకో రూపాయి ఇవ్వొద్దు.