తాంబరంలో ఆయన చదవలేదమ్మా

పాలకొల్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ యాత్రా వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదివాను. తిరుత్తణి చేరగానే మీ నాన్నగారు చెప్పులు కారులోనే వదిలేసి దిగారనీ, అది గుడి కొండమెట్ల కోసం కాదు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరనీ రాశావు. రిటైరైన మాస్టారు ఆ ఒక్క ముక్కలో కనిపించారు.

మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కోపం వచ్చింది. మద్రాసు శివారు తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ చెట్ల కింద నిలబడితే, విద్యార్థిగా ఆయన నడిచిన అడుగుల చప్పుడు వినిపించిందన్నావు. ఎలా వినిపిస్తుందమ్మా? ఆయన చదివే రోజుల్లో ఆ కాలేజీ మద్రాసు ఊళ్లోనే జార్జిటౌన్‌లో, హైకోర్టు ఎదురుగా ఉండేది. తాంబరానికి మారింది 1937లో. అప్పటికి ఆయన నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. నువ్వు వెళ్లాల్సింది ఆ జార్జిటౌన్‌లోని పారీస్ కార్నర్ వైపు. అక్కడ కాలేజీ లేదు, రద్దీ ఉంది. ఆ రద్దీలో నిలబడి, ఒకప్పుడు ఇక్కడ ఉండేదని రాస్తే నేను నమ్మేవాణ్ణి.

ఇలాంటిదే ఇంకోటి. "తమిళనాడులోని తిరుత్తణిలో జన్మించారు" అని రాశావు. 1888లో ఆ పేరుతో రాష్ట్రం లేదు. తిరుత్తణి తర్వాత మన చిత్తూరు జిల్లాలో ఉండి, 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఆ రాష్ట్రం తమిళనాడు అయ్యింది 1969లో. మైలాపూర్‌లో ఆయన ఇల్లున్న రోడ్డుకూ అంతే. ఇప్పుడది రాధాకృష్ణన్ సాలై, ఆయన ఇల్లు కట్టుకున్ననాడు ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు. తన పేరున్న రోడ్డు మీద ఆయన కాపురం పెట్టలేదు కదా.

పెద్దవాళ్లు తిరిగిన చోట్ల గురించి రాసేటప్పుడు ప్రతి చోటికీ రెండు సంవత్సరాలు కావాలి. మనిషి అక్కడ ఉన్న సంవత్సరం ఒకటి, కట్టడం లేచిన సంవత్సరం ఒకటి. బయల్దేరే ముందే నోటుబుక్కులో గళ్లు గీసుకో. మొదటి గడిలో ఊరు, రెండో గడిలో ఆయన ఉన్న ఏళ్లు, మూడో దాంట్లో కట్టడం లేచిన సంవత్సరం, నాలుగో దాంట్లో అప్పటి పేరు. ఆయన చదివిన తిరుపతి మిషన్ బడి, వెల్లూరు వూర్హీస్ కాలేజీ, మద్రాసు, అన్నీ అందులో పడాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ చోట అడుగుల చప్పుళ్లు వినొద్దు.

సంవత్సరాలు పెడితే పాఠకుడు పారిపోతాడని సంపాదకులు చెబుతూ వచ్చారు. నా వ్యాసం ఒకదాంట్లో ఉన్న అంకెలన్నీ పీకేసి, మధ్యలో సూర్యాస్తమయం ఫొటో వేశాడొకాయన. ఇప్పుడేమో అనుభూతి ఉంటే చాలంటున్నారు. తేదీ తప్పితే అనుభూతీ తప్పుతుంది, నీ తాంబరమే సాక్ష్యం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది వేరే. రావులపాలెంలో హైవే ఎక్కి, సిద్ధాంతం వంతెన దాటి, తణుకు, ఏలూరు, బెజవాడ, నెల్లూరు మీదుగా ఆయన్ని వెతుక్కుంటూ అంత దూరం వెళ్లారు. అదే రావులపాలెంలో కారు అటు తిప్పి జొన్నాడ మీదుగా వెళ్తే గంటలో రాజమండ్రి. 1918లో మైసూరు వెళ్లడానికి ముందు ఆయన పాఠం చెప్పింది అక్కడి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీలో. బడిగా 1853లో మొదలై 1873లో కాలేజీ అయ్యింది. మన గడప దగ్గరి మనిషిని నువ్వు వ్యాసంలోకి రానివ్వలేదు.

పుష్కరాల రేవులో నిలబడి నది మీదికి చూడు. రోడ్డు-రైలు వంతెన 1974ది. విల్లులాంటి కమానులది 1997ది. ఆయన ఇక్కడ పాఠం చెప్పిననాడు ఈ రెండూ లేవు. పాతది, రైళ్లు మానేసిన హేవ్‌లాక్ వంతెన, 1900 నాటికే ఉంది. అప్పుడు గోదావరి మీద అక్కడ వేరే వంతెన లేదు. మద్రాసు వైపు నుంచి రైల్లో వస్తే ఆ ఇనుప దూలాల మీదుగానే ఊళ్లోకి రావాలి. ఇక్కడ కావాలంటే చప్పుడు విను. ఇక్కడ నేను అడ్డు చెప్పను.

కాలేజీకి ఆదివారం వెళ్లకు, గేటు దగ్గరే ఆగిపోతావు. పనిరోజు చూసుకుని, ప్రిన్సిపాల్ గారి పేర ఒక అర్జీ రాసుకుని వెళ్లు. లైబ్రరీలో పాత కాలేజీ మ్యాగజైన్లు, ఉత్సవ సంచికలు ఏమున్నాయో అడుగు. ఆయన కూర్చున్న గది ఇదేనని ఎవరైనా చూపిస్తే, ఆ భవనం శిలాఫలకం ఎక్కడుందో చూడు. అక్షరాలు అరిగిపోయి ఉంటే ఎదురుగా లైటు వేయకు, అన్నీ కలిసిపోతాయి. ఫోను లైటు రాతికి ఆనించి పక్క నుంచి వేస్తే చెక్కిన గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. సున్నం, నూనె, పసుపు పూయొద్దు, రాయి పాడవుతుంది. ఫొటో ఎదురుగా నిలబడి తీసి, తర్వాత చేత్తో కూడా ఎక్కించుకో. పోయిన అక్షరం చోట చుక్క పెట్టు, ఊహించి పూరించకు. శంకుస్థాపన తేదీనా, ప్రారంభోత్సవం తేదీనా చూసుకో, రెంటికీ మధ్య ఏళ్లు ఉండొచ్చు. పాత ఫలకాన్ని ఊడదీసి కొత్త గోడలో బిగించడమూ ఉంటుంది. చుట్టూ సిమెంటు గోడకన్నా కొత్తగా కనిపిస్తే అనుమానించు.

ఇదంతా అయ్యాక వ్యాసం రాజమండ్రి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. మీ నాన్నగారినీ తీసుకెళ్లు. అక్కడ చెప్పులు ఎక్కడ విప్పుతారో చూసి, అది కూడా రాసి పంపు.